మంగతాయారు పరుగు

పిల్లా మంగతాయారు ఇరవై రెండేళ్లలో చెయ్యని పని లేదు. పులి తరిమితే పరుగెత్తింది. వరద గోదావరిని ఈదింది. కొబ్బరిచెట్టెక్కి కాయలు దింపింది. పెళ్లి ఇష్టంలేక గోడ దూకి పారిపోయింది, అదీ రెండుసార్లు. ఒక రాజుగారి కొలువులో గంటసేపు నాట్యం చేసి, చేస్తూ చేస్తూనే ప్రాణం విడిచింది. ఇవన్నీ శబ్దవాణి రేడియో కేంద్రంలో, రెండో నంబరు స్టూడియోలో, చేతుల్లేని చెక్క కుర్చీలో కూచునే చేసింది.

ఆ కేంద్రం గోదావరి జిల్లాలో ఒక ఊళ్లో ఉంది. పేరు చెబితే ఊరివాళ్లు నొచ్చుకుంటారు కాబట్టి చెప్పను.

మూడో ఏట పోలియో వచ్చి తాయారుకి ఎడమకాలు చచ్చుబడింది. అప్పట్నుంచీ ఎడమ చంకలో కర్రే. స్టూడియోకి వచ్చినప్పుడు మాత్రం ఆ చంకకర్రని తలుపు పక్కన, చెప్పుల దగ్గర వదిలేసి, కామేశం భుజం పట్టుకుని కుర్చీ దాకా వెళ్లేది. కామేశం ఆ కేంద్రంలో చప్పుళ్ల కళాకారుడు. కొబ్బరిచిప్పలతో గుర్రాలు, చేటలో మినుములతో వాన, ఇనపరేకుతో ఉరుము. నలభై ఏళ్లుగా జిల్లాలో వానలూ ఉరుములూ ఆయన చేతిలోనే ఉన్నాయి. తాయారు ఆయన్ని బాబాయ్ అనేది.

ఎర్రదీపం వెలిగిందంటే ఇక ఆవిడ కాలు సంగతి ఆవిడకే గుర్తుండేది కాదు. రేడియోలో పరుగెత్తడానికి కాళ్లతో పని లేదు, ఊపిరితో పని. ఆ విద్య తాయారు చిన్నప్పుడే నేర్చింది. పిల్లలంతా వీధిలో పరుగుపందేలు ఆడుకుంటుంటే ఈవిడని అరుగు మీద కూచోబెట్టి చెప్పులకి కాపలా పెట్టేవారు. వాళ్లు వగరుస్తూ వచ్చి పక్కన చతికిలబడితే, ఎవరు ఎంత దూరం పరుగెత్తారో, ఎవరు దొంగతనంగా అడ్డదారిన వచ్చారో ఊపిరిని బట్టి చెప్పేసేది.

ఒకసారి గోదావరి లంకలోంచి నాగులాంబగారని ఓ పెద్దావిడ ఉత్తరం రాసింది. "అమ్మాయ్, ప్రతి ఆదివారం నాటకంలో అలా పరుగులు తీస్తావేమిటి తల్లీ? ఇప్పుడు తెలీదు, పెద్దయ్యాక మోకాళ్లు అరిగిపోతాయి. పడుకోబోయేముందు ఆముదం రాసుకో." తాయారు ఆ ఉత్తరాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. దానికి మించిన బిరుదు ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు.

శబ్దవాణికి యాభయ్యేళ్లు నిండుతున్న ఏడు, వార్షికోత్సవం కోసం రిటైరైన పోస్టుమాస్టరుగారొకరు రాసిన నాటకం ఎంపికైంది. పేరు ‘హర్కారా పైడమ్మ’. పూర్వం మన్యంలో టపా సంచులు మనుషులే మోసేవారు. వాళ్లని హర్కారాలనేవారు. వీపున సంచి, చేతిలో గజ్జెలు కట్టిన కర్ర. ఆ చప్పుడుకి దారిలో ఎలుగుబంట్లు తప్పుకునేవి, ఊళ్లో మనుషులు బయటికొచ్చేవారు. నాటకంలో మొగుడు జ్వరంతో పడిపోతే పైడమ్మ అతని సంచి తన వీపున వేసుకుని పదకొండు మైళ్లు పరుగెత్తుతుంది. నాటకం గంట. అందులో నలభై నిమిషాలు పరుగే.

పైడమ్మ పాత్ర తాయారుకిచ్చారు. ఆవిడ ప్రతి తీసుకుని కామేశం గదికి వెళ్లింది.

"బాబాయ్, నలభై నిమిషాలు!" అంది.

"నీకు ఆయాసం రాదూ?"

"రావాలి కదా బాబాయ్, రాకపోతే ఎలా? అదే కదా పాత్ర!" అని పకపకా నవ్వింది.

అంతా బాగానే ఉంది. కాని ఆ నెల్లోనే రాజధానిలో ఒక సదస్సు జరిగింది. దివ్యాంగులు సమాజంలో అందరికీ కనబడాలి అని అందులో తీర్మానించారు. మంచి తీర్మానం, ఎవరూ కాదనరు. అది అన్ని శాఖలకీ వెళ్లింది. చాలా శాఖలవాళ్లు సంతకం పెట్టి బీరువాలో పెట్టేశారు. శబ్దవాణి ప్రధాన కార్యాలయం అలా చెయ్యలేదు. రేడియోలో ఎవరూ ఎవరికీ కనబడరు కనక, మూడు ఉపసంఘాలు వేసి, ఆరు వారాలు తర్జనభర్జనలు పడి, ‘కనబడాలి’ అన్నచోట ‘వినబడాలి’ అని దిద్దారు.

కేంద్ర సంచాలకులు దివాకరంగారు ఉత్తర్వులు వస్తే కూచుని చదివే మనిషి కాదు. లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకుని చదివారు.

"నిబంధన పదకొండు. దివ్యాంగ కళాకారులు ఏ పాత్ర ధరించినప్పటికీ, సదరు వైకల్యము శ్రోతకు వినబడునట్లు తగు ఏర్పాట్లు గావించవలెను. వినబడని వైకల్యము దాచిపెట్టబడిన వైకల్యముగా పరిగణింపబడును."

"నేనేం దాచానండీ?" అంది తాయారు.

"తమరు కర్రని తలుపు దగ్గర వదిలి వస్తున్నారు. అది దాచిపెట్టడం కిందికే వస్తుంది."

"కర్ర పట్టుకుని రాణీవేషం ఎలా వేస్తానండీ? రాణీగారికి పోలియో రాలేదు కదండీ."

"రాణీగారికి రాలేదు. తమకి వచ్చింది. నిబంధన వర్తించేది మన కళాకారులకి. రాణీగారు మన కళాకారుల జాబితాలో లేరు," అన్నారు దివాకరంగారు. ఆయన మాటలో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు, అదే ఆయనతో చిక్కు.

మర్నాడు ముగ్గురు సభ్యుల సంఘం కంట్రోలు గదిలో అద్దం వెనకాల కళ్లు మూసుకుని కూచుంది. తాయారు చంకకర్రతో స్టూడియోలో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది. ఏమీ వినబడలేదు. చప్పుడు రాకూడదనే స్టూడియోలో తివాచీ పరిచారు. చప్పుడు రాకూడదనే కర్ర కొసకి రబ్బరు బుష్షు తొడిగారు. ఆవిడ నాలుగుసార్లు నడిచింది. సంఘంలో ఒకాయనకి కునుకు పట్టింది.

తరవాత కామేశాన్ని పిలిచారు. ఆయన పీట మీద రోకలితో నాలుగు దెబ్బలు కొట్టాడు. టక్, టక్, టక్, టక్. నిద్రపోతున్న సభ్యుడు ఉలిక్కిపడి లేచాడు. కామేశం కుంటితనం ‘స్పష్టం, సహజం, భావస్ఫోరకం’ అని రాశారు. తాయారు పేరు కింద, ‘అభ్యర్థిని తన వైకల్యమును వ్యక్తపరచుటలో ఇంకను సాధన చేయవలసియున్నది’ అని రాశారు. నలభై మూడేళ్లుగా రోజూ చేస్తున్న సాధన చాలలేదన్నమాట.

పరిమాణం కూడా నిర్ణయమైంది. నిమిషానికి పన్నెండు టకటకలు, అంతకు తగ్గరాదు.

ఆ ఆదివారం నుంచి శబ్దవాణి నాటకాల్లో తాయారు ఏ వేషం వేసినా వెనకాల టక్ టక్ మని మోగడం మొదలైంది. మహారాణి అంతఃపురంలోంచి టక్ టక్ మంటూ దిగింది. దొంగ చప్పుడు కాకుండా ఇంట్లో దూరింది, టక్ టక్. దెయ్యం గాలిలో తేలుతూ వచ్చింది, టక్ టక్. గోదావరి ఈదే సన్నివేశానికి కామేశం రోకలి పట్టుకుని దిక్కులు చూశాడు.

"నీళ్లలో కర్రెలా మోగుతుందండీ?" అని అడిగాడు.

"ఈతకి మినహాయింపు ఉన్నట్టు ఎక్కడా లేదు," అన్నారు దివాకరంగారు.

చివరికి తాయారు నెలల పసికందు ఏడుపు ఏడ్చినప్పుడు కూడా ఉయ్యాల్లోంచి టక్ టక్ మంది. ఏ తల్లి విన్నా గుండె ఝల్లుమంటుంది.

నాగులాంబగారి దగ్గర్నుంచి రెండో ఉత్తరం వచ్చింది. "అయ్యా, మీ నాటకం పెట్టుకుంటే ఎవరో తలుపు కొడుతున్నారు. మొన్న ఆదివారం పద్నాలుగుసార్లు లేచి తలుపు తీశాను. ఎవరూ లేరు. నాకు డెబ్భై ఆరేళ్లు. దయచేసి ఆ వచ్చేవాణ్ణి లోపలికి రమ్మనండి, లేకపోతే పొమ్మనండి."

దివాకరంగారు ఆ ఉత్తరాన్ని ‘శ్రోతలలో విశేష స్పందన’ అన్న ఫైల్లో పెట్టించి ప్రధాన కార్యాలయానికి పంపారు. అక్కడ దాన్ని శ్రద్ధగా చదివారు. ఆ తలుపు కొడుతున్నదెవరు అని ఆరా తీశారు. కామేశం అని తెలిసింది. కామేశానికి రెండు కాళ్లూ బాగున్నాయని కూడా తెలిసింది. దాంతో నిబంధన పద్నాలుగు కింద, సకలాంగుడు వైకల్యమును అనుకరించుచున్నాడని తాఖీదు వచ్చింది.

కామేశాన్ని వైద్యపరీక్షకి పంపారు. ఏదో ఒక లోపం దొరక్కపోతే ఉద్యోగం పోతుందని పాపం ఆయన దారంతా దేవుళ్లకి మొక్కుకున్నాడు. దేవుళ్లు విన్నారు. నలభై ఏళ్లు ఇనపరేకు ఉరుములు ఉరిమి ఉరిమి కుడిచెవి సగం పోయిందని తేలింది. ఆఫీసంతా చేతులు కలిపి అభినందించింది. అయితే ఇప్పుడు కామేశం కూడా దివ్యాంగ కళాకారుడే. కాబట్టి ఆయన లోపం కూడా శ్రోతకి వినబడాలి. మూడు నిమిషాలకోసారి మైకు దగ్గరికొచ్చి "ఆఁ?" అనాలని నిర్ణయించారు.

ఆ వారం ప్రేమకథ. నాయకుడు గొంతు తగ్గించి, "నిన్ను తప్ప ఎవరినీ తలవను" అన్నాడు. "ఆఁ?" అన్నాడు కామేశం. నాయకుడు బిత్తరపోయి మళ్లీ చెప్పాడు. తాయారు సిగ్గుపడుతూ టక్ టక్ మంటూ పారిపోయింది.

ఇక ఉత్సాహానికి పగ్గాల్లేవు. వార్తలు చదివే ఆయనకి మోకాలినొప్పి ఉందని ఎవరో చెప్పారు. వార్తలకి ముందు ఆయన "అమ్మా, అబ్బా" అని మూలగాలన్నారు. ఆ రోజు వార్తల్లో వరద సమాచారం ఉంది. మూలుగు విని, వరద ఎంత ఘోరంగా ఉందో అని ఏటిగట్టు ఊళ్లు రెండు ఖాళీ అయిపోయాయి. నీళ్లు మాత్రం చీలమండ దాటలేదు.

ఇన్ని జరిగినా తాయారు పైడమ్మ కోసం ఓర్చుకుంది. పొద్దున్నే వంటింట్లో కూచుని ఊపిరి సాధన చేసుకునేది. మొదటి మైలు ఊపిరి వేరు, ఐదో మైలు ఊపిరి వేరు, కొండ ఎక్కేటప్పుడు వేరు, దిగేటప్పుడు వేరు. పక్కవాటా ఆవిడ కంగారుపడి రెండుసార్లు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు, ప్రధాన కార్యాలయం నుంచి సమ్మిళిత శ్రవణ పర్యవేక్షకురాలు ప్రమోదినిగారు వచ్చారు. నాటకాన్ని ముందుగా రికార్డు చేస్తే టకటకలు అతికించే అవకాశం ఉంది కనక, నేరుగా ప్రసారం చెయ్యాలని మొదటి ఆజ్ఞ. తరవాత నాటకం ప్రతి తిరగేసి తాయారుని పిలిపించారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. తాయారు గదిలోకి రాగానే లేచి, తనే కుర్చీ లాగి వేశారు.

"మీరంటే మాకు ఎంతో గౌరవం మంగతాయారుగారూ. కాని ఇక్కడ ఒక మౌలికమైన సమస్య ఉత్పన్నమవుతోంది. శ్రోతకి పరుగు వినబడాలా, వైకల్యం వినబడాలా? పరుగు వినబడితే వైకల్యం మరుగున పడుతుంది. వైకల్యం వినబడితే పరుగు దెబ్బతింటుంది. రెండూ ఒకే పాత్రలో ఇమడవు."

"ఇరవై రెండేళ్లుగా ఇముడుతున్నాయండి," అంది తాయారు.

"అదే మా ఆవేదన. ఇరవై రెండేళ్లుగా మీకు అన్యాయం జరిగింది. మిమ్మల్ని మీరు కాని మనుషులుగా నటింపజేశారు."

"నటన అంటే అదేనండి మరి!"

ప్రమోదినిగారు ఆ మాట నోట్సులో రాసుకుని, కింద గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. పైడమ్మ పాత్ర వాతావరణ సూచనలు చదివే ఉషాబాలకి ఇచ్చారు. ఉషాబాలకి కాళ్లు రెండూ బాగున్నాయి, అదే అర్హత. తాయారు కోసం పోస్టాఫీసులో కూచుని స్టాంపులు అంటించే మనిషి పాత్ర కొత్తగా సృష్టించారు. రెండు మాటలున్నాయి. "టపా వచ్చిందా?" అని ఒకటి. "జిగురు అయిపోయింది" అని ఇంకొకటి.

తాయారు కామేశం గదికి వెళ్లి, పాత సామాన్ల మధ్య పీట మీద కూలబడి ఏడ్చింది. కాలు పోయినప్పుడు ఆవిడకి మూడేళ్లు, ఏం పోయిందో తెలియదు. ఇప్పుడు నలభయ్యారు. ఇప్పుడు తెలిసింది.

కామేశం టీ తెప్పించాడు. మాట మార్చడానికి మూలనున్న కర్ర ఒకటి తీసి చూపించాడు.

"ఇది చూడవే అమ్మడూ. పైడమ్మ కర్ర. పోస్టుమాస్టరుగారు పాతది ఎక్కడో సంపాదించి ఇచ్చారు. దీన్ని ఆడిస్తూ నేను పరుగు చప్పుడు చెయ్యాలిట. ఆ ఉషాబాల మేడమెట్లు ఎక్కితేనే కూచుండిపోద్ది, దాని ఊపిరికి నేనెక్కడ తాళం వెయ్యనూ?"

తాయారు కళ్లు తుడుచుకుని కర్ర అందుకుంది. కొసకి ఇనప పొన్ను. పైన తోలుపటకాకి గజ్జెలు. నేలకి ఆనించి ఒక్కసారి కొట్టింది. ఘల్లుమంది. రెండుసార్లు కొట్టింది. తన చంకకర్ర వంక చూసింది. మళ్లీ దీని వంక చూసింది.

"బాబాయ్," అంది, "నా కర్రకి ఈ రబ్బరు బుష్షు ఊడుతుందా?"

"ఆఁ?" అన్నాడు కామేశం. ఈసారి నిబంధన ప్రకారం కాదు.

పావుగంటలో తాయారు మళ్లీ ప్రమోదినిగారి ఎదురుగా ఉంది. చంకకర్ర చేతిలోనే ఉంది.

"అమ్మా, ఒక్క మాట. పైడమ్మగా నేను చేసేటప్పుడు నా చంకకర్ర నా చేత్తో నేనే మోగిస్తానండి. అనుకరణ లేదు, రోకలి లేదు. అసలు కర్ర, అసలు మనిషి. అడుగడుగుకీ వినిపిస్తాను. అడ్డుపడే నిబంధన ఏదైనా ఉందాండి?"

ప్రమోదినిగారు ఉత్తర్వు అటూ ఇటూ తిప్పారు. దివాకరంగారు లేచి నిలబడి ఇంకో ప్రతి తిప్పారు. అడ్డం ఏదీ దొరకలేదు.

"నిమిషానికి పన్నెండుకి తగ్గరాదు," అన్నారు ప్రమోదినిగారు చివరికి.

"నూట ఇరవై కొడతానండి."

ఆ అంకె విని ఇద్దరు అధికారులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాష్ట్రంలో ఏ కేంద్రమూ నిమిషానికి నలభై దాటలేదు. దివాకరంగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉషాబాలకి స్టాంపుల పాత్ర వెళ్లింది. ఆ అమ్మాయి బతికి బయటపడ్డట్టు ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఎర్రదీపం వెలిగింది.

తాయారు చెక్క కుర్చీలో కూచుంది. తివాచీ మీద చెక్కపలక వేసి ఉంది. బుష్షు ఊడదీసి పొన్ను తొడిగిన చంకకర్ర రెండు చేతులా పట్టుకుంది. దానికి మూడు వరసల గజ్జెలు. కర్ర తలుపు పక్కన కాకుండా ఆవిడతోపాటు మైకు ముందుకి రావడం అదే మొదటిసారి. ప్రమోదినిగారు అద్దం వెనకాల కాగితం మీద అయిదేసి గీతలు గీస్తూ లెక్కకి సిద్ధంగా ఉన్నారు.

పైడమ్మ బయల్దేరింది. టక్ ఘల్, టక్ ఘల్, టక్ ఘల్. మొదటి మైలు ఊపిరి తేలిగ్గా ఉంది. వాగు దగ్గర కామేశం చేట ఆడించాడు, వాన పట్టుకుంది. కర్ర చప్పుడు బురదలో పడ్డట్టు మెత్తబడింది. తాయారు పలక వదిలి తివాచీ మీద కొడుతోంది. కొండ మొదలైంది, ఊపిరి బరువెక్కింది. మూడు నిమిషాలైంది. కామేశం మైకు దగ్గరికొచ్చి విధిగా "ఆఁ?" అన్నాడు. వాగు అవతల గుడిసెలో ఎవరో ముసలాయన కేకేసినట్టుంది.

"టపా!" అని అరిచింది పైడమ్మ, పరుగు ఆపకుండానే.

నాటకంలో లేని మాట అది. అయినా మళ్లీ మూడు నిమిషాలకి కామేశం "ఆఁ?" అన్నాడు. మళ్లీ "టపా!" అంది. అడవంతా అడుగుతున్నట్టూ, ఈవిడ దారి పొడుగునా జవాబు చెబుతూ వెళుతున్నట్టూ ఉంది. వార్తలాయన మోకాలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏడో మైలు దగ్గర ప్రమోదినిగారి గీతలు అడ్డదిడ్డంగా పోయాయి. తొమ్మిదో మైలు దగ్గర కలం కింద పడింది. ఆవిడ వంగి తీసుకోలేదు. కుర్చీ అంచుకి జరిగి, రెండు పాదాలూ తాళంగా ఆడిస్తూ, "ఇంకెంతో లేదమ్మా, ఇంకెంతో లేదు" అంటున్నారు.

పదకొండో మైలు. తాయారు జుట్టు ముడి ఊడిపోయింది. ఊరు కనబడింది. టక్ ఘల్, టక్ ఘల్, ఆఖరిసారి టక్. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక్క ఊపిరి, లోతుగా. ఉషాబాల గొంతు మెల్లిగా అడిగింది, "టపా వచ్చిందా?"

"వచ్చింది," అంది పైడమ్మ.

ఆ వారం శబ్దవాణికి సంచీలతో ఉత్తరాలొచ్చాయి. అందులో నాగులాంబగారిది మూడోది. "ఈసారి కూడా లేచి తలుపు తీశాను. ఎవరూ తలుపు కొట్టలేదు, నాకే తియ్యాలనిపించింది. ఆ పిల్ల మా వీధి దాటి వెళ్లేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఎంత పరుగు పరుగెత్తిందో నా చెవులారా విన్నాను. ఆముదం సంగతి మరచిపోవద్దని చెప్పండి."

దివాకరంగారు ఉత్తరాలన్నీ కట్టలు కట్టించి, ‘విశేష స్పందన’ కింద ప్రధాన కార్యాలయానికి పంపారు. అక్కడ వాటిని శ్రద్ధగా చదివారు.

ఇరవై రోజులకి తాఖీదు వచ్చింది. దివాకరంగారు లేచి నిలబడ్డారు. ఈసారి మాత్రం గుండీ పెట్టుకోవడం మరిచిపోయారు.

"శ్రీమతి పిల్లా మంగతాయారు, నాటక కళాకారిణి, వార్షికోత్సవ నాటకమునందు పదకొండు మైళ్లు నిరాఘాటముగా పరుగెత్తినట్లు శ్రీమతి నాగులాంబ మున్నగు రెండువందల పన్నెండుమంది శ్రోతలు లిఖితపూర్వకముగా ధ్రువీకరించియున్నారు. పర్యవేక్షకురాలు సైతము స్వయముగా వినియున్నారు. కావున సదరు కళాకారిణి వైకల్యము సందేహాస్పదమైనది. ఆమె దివ్యాంగ ధ్రువపత్రము ఏల రద్దు చేయరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

చదవడం అయ్యాక ఆయన మొదటిసారి సంచాలకుడిలా కాకుండా మామూలు మనిషిలా మాట్లాడారు.

"కంగారుపడకండమ్మా. నేను మీ కాలు గురించి రాస్తాను. డాక్టరు కాగితాలు పెడదాం. మీరు పరుగెత్తలేదని నిరూపిద్దాం."

తాయారు చెయ్యి చాచి తాఖీదు తీసుకుంది. మొదట్నుంచి చివరిదాకా చదివింది. పర్సు తీసి నాగులాంబగారి పాత ఉత్తరం పక్కన పెట్టి మళ్లీ చదివింది. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఏది ముందొచ్చిందో ఆవిడకే తెలియదు. తాఖీదు ఫ్రేము కట్టించడానికి మర్నాడే పంపింది. సంజాయిషీ మాత్రం అక్కడే, దివాకరంగారి బల్ల మీదే కూచుని రాసింది.

"అయ్యా, నేను పరుగెత్తిన మాట వాస్తవము. సాక్షులు రెండువందల పన్నెండుమంది ఉన్నారు గనుక కాదనలేను. కాలు పరీక్షించుటకు తమరు ఎప్పుడు రమ్మన్నను కర్రతో నడిచి వచ్చెదను. ఆదివారములు మాత్రము వీలుపడదు. ఆ రోజు నాకు పరుగున్నది."